ఎర్ర గుర్తు

ఆ ఇంటి డాబా మీద నిలబడితే ఆవిడకు ప్రపంచమంతా మూడు ముక్కలు. పొగగొట్టం వైపు ద్వీపాలు. నీళ్ల ట్యాంకు వైపు ఎడారి దేశాలు. ఆసుపత్రి మేడ వైపు మంచు దేశాలు. బళ్లో నాలుగో తరగతి దాటని మనిషి. పటం చూపిస్తే ఏది నేలో ఏది నీళ్లో తేల్చి చెప్పలేదు. కానీ డాబా మధ్యనున్న ఇనప స్తంభం మీద రెక్కలు చాచుకుని కూర్చున్న ఆ అల్యూమినియం గొట్టాల యాంటెన్నాని ఎటు తిప్పితే ఏ దేశం పలుకుతుందో మాత్రం ఆవిడను అడిగి తెలుసుకోవాల్సిందే.

వీధిలో చిన్నా పెద్దా అందరూ ఆవిడను అక్కా అనే పిలుస్తారు. సొంత చెల్లెలు రోజుకు నూరుసార్లు అక్కా అక్కా అని అరిచేది, అది విని విని వీధికంతా అంటుకుంది. భర్త మోటార్లకు వైండింగ్ చేస్తాడు. ముందుగదే ఆయన కొట్టు. కాలిన పంపు మోటార్లు, రెక్కలూడిన ఫ్యాన్లు, రాగి తీగ చుట్టలు, ఎప్పుడూ ఆరని వార్నిష్ వాసన. వెనకగదిలో కిటికీ పక్కన బల్ల మీద ఆయన రేడియో స్టేషన్ ఉంది. అది పాటలు వినే రేడియో కాదు. పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకుని, ఇంట్లోంచే లోకంతో మాట్లాడే రేడియో. వేలితో కీ నొక్కి టకటకమని చుక్కలూ గీతలూ పంపితే, ఎన్ని సముద్రాల అవతలో తనలాంటి పిచ్చివాడే ఇంకొకడు విని జవాబిస్తాడు. ఒకడి మొహం ఒకడు చూడడు. అక్షరాలూ అంకెలూ కలిపిన కాల్ సైనే పేరు, అదే ఊరు.

ఏడాదికోసారి ఈ పిచ్చివాళ్లకు ఒక పోటీ. ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ఎవరెక్కువ స్టేషన్లను పలకరిస్తే వాళ్లది గెలుపు. కబుర్లేమీ ఉండవు. వినపడ్డావు, నా వరస నంబరు ఇది, నీది చెప్పు, సెలవు. అంతే. దూరపు స్టేషన్ దొరికితే పాయింట్లెక్కువ. ఇళ్ల నుంచి ఆడే పోటీ కాబట్టి ఇంట్లోవాళ్ల సాయం తీసుకోవచ్చు, బయటివాళ్లది కూడదు.

ఆయనకు ఇంట్లోవాళ్లంటే ఇద్దరు. పెళ్లామూ, మరదలూ.

మరదలు, తల్లి చనిపోయినప్పటినుంచి, అక్క దగ్గరే పెరిగింది. కుట్టుపని నేర్చుకుని బట్టల కార్ఖానాలో కుదిరింది. ఏ పని చెప్పినా "ఒక్క నిమిషం బావా" అనేది. ఆ ఒక్క నిమిషం గంటకు గానీ అయ్యేది కాదు. అందుకని ఆయన ఆ పిల్లకు నిమిషం అని పేరు పెట్టాడు. పోటీ రోజు మాత్రం నిమిషానికి నిమిషం ఆలస్యం ఉండేది కాదు. ఆయన పక్కనే కుర్చీ వేసుకుని లాగ్‌బుక్కు రాసేది. ఏ స్టేషన్, ఎన్ని గంటలకు, ఏ నంబరు. గుండ్రటి అక్షరాలు, గుండీలు కుట్టినట్టు వరసగా.

"ఊళ్లో మోటార్లన్నీ నీ చేతి చలవ వల్లే తిరుగుతున్నాయి కదా బావా, మన యాంటెన్నాకి ఒక్క మోటారు పెట్టడానికేం?" అని ఏడిపించేది.

"మీ అక్కుండగా మోటారెందుకే? కరెంటు తినదు, కాలిపోదు."

"కాలుతుందిలే. కాలిన్నాడు దానికి వైండింగ్ చేయడం నీ తరం కాదు."

ఆవిడ మెట్ల మీదనుంచి వింటూ, "మోటారుకి చెవులు కూడా ఉన్నాయి, గుర్తుంచుకోండి" అనేది.

పద్ధతి ఇది. బల్ల దగ్గర ఒక బటన్, డాబా మీద ఒక బెల్లు. ఒకసారి మోగితే పొగగొట్టం వైపు, రెండుసార్లు మోగితే ట్యాంకు వైపు, మూడుసార్లయితే ఆసుపత్రి వైపు. స్తంభానికి అడ్డంగా గుచ్చిన ఇనప కడ్డీ పట్టుకుని గానుగ తిప్పినట్టు తిప్పాలి. స్తంభం కింద సిమెంటు దిమ్మె మీద ఆవిడే స్వయంగా రంగుతో గుర్తులు పెట్టుకుంది. పొగగొట్టానికి తెలుపు, ట్యాంకుకు పసుపు, ఆసుపత్రికి ఎరుపు. కడ్డీని గుర్తు మీదికి తెచ్చి, గాలికి కదలకుండా తాడుతో కొక్కేనికి బిగించి, గోడకున్న స్విచ్చి ఒకసారి నొక్కాలి. కింద బల్ల మీద చిన్న లైటు వెలుగుతుంది. తిప్పేశానని అర్థం. ఆ లైటు చూశాక ఆయన మళ్లీ ఇంకేమీ అడగడు. అడగాల్సిన అవసరం పదకొండేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు.

నిమిషం అనే ఆ పిల్లకు రక్తం తగ్గిపోయే జబ్బు వచ్చింది. పంతొమ్మిది రోజులు ఆ ఆసుపత్రి మేడలోనే ఉంది. మూడో అంతస్తు, చివరి కిటికీ. ఒకరోజు మంచం మీద ఒరిగి కిటికీలోంచి చూసి, "అక్కా, ఇక్కణ్ణుంచి మన యాంటెన్నా కనిపిస్తోందే! నన్నే చూస్తోంది" అని సంబరపడింది. మర్నాడు సాయంత్రం మేడలో లైట్లు ఒక్కొక్కటే వేస్తున్న వేళకు పోయింది.

అప్పటినుంచి ఆవిడ డాబా మీద బట్టలారేసినా ఆ వైపుకు వీపు పెట్టే ఆరేసేది.

మళ్లీ పోటీ రోజు దగ్గరపడింది. పిల్ల పోయి ఇంకా ఏడాది నిండలేదు. ఆయన గోరు గిల్లుకుంటూ వచ్చి అడిగాడు.

"ఈసారి కూర్చోమంటావా? మానేయమంటే మానేస్తాను."

ఆవిడ ఉతికిన దుప్పటి మడతపెడుతోంది. "కూర్చోండి. ఊరికే గోడలు చూస్తూ ఏం చేస్తాం?" అంది.

వద్దంటే ఆయన మానేసేవాడే. ఆవిడ నోటితో సరే అని, తర్వాత చేతులతో కాదంది. ఎన్నిసార్లు తల్చుకున్నా ఆవిడకు మింగుడుపడనిది అదే.

పోటీ పొద్దున్న అంతా సవ్యంగానే జరిగింది. లాగ్‌బుక్కు ఈసారి ఆయనే రాసుకున్నాడు. పక్కన కుర్చీ ఖాళీగానే ఉంది, తీయడానికి ఇద్దరికీ చేయి రాలేదు. ఒక బెల్లు, రెండు బెల్లులు, మళ్లీ ఒకటి. ఆవిడ తిప్పింది, బిగించింది, లైటు వేసింది. మధ్యాహ్నం భోజనం తెచ్చిపెడితే ఆయన ఒక చెవికి హెడ్‌ఫోను తీసి నవ్వాడు. "రెండొందలు దాటాం. ఇంత బాగా ఎప్పుడూ ఆడలేదు. సాయంత్రం మంచు దేశాలు కూడా పలికాయంటే కప్పు మనదే." ఆ నవ్వులో దుఃఖం దాగుందని ఆవిడకు అప్పుడు తెలియలేదు. ఇంత త్వరగా నవ్వొచ్చిందా ఈయనకి, అనుకుంది.

నాలుగున్నర దాటింది. డాబా మీద ఎండ మెత్తబడింది. ఆవిడ స్తంభం పక్కన పీట మీద కూర్చుని ఉంది. అప్పుడు మోగింది బెల్లు. ఒకటి. రెండు. మూడు.

లేచి తాడు విప్పింది. కడ్డీ రెండు చేతులతో పట్టుకుంది. ఎర్ర గుర్తు దాకా తిప్పాలంటే ముఖం ఆసుపత్రికి ఎదురుగా రావాలి. కాలు కదపలేకపోయింది. ఒక్క చేత్తో నెట్టినా చాలు, కడ్డీ దానంతటదే వస్తుంది. అది కూడా చేతకాలేదు. వెనకవైపు మేడలో కాసేపట్లో లైట్లు వేస్తారని చూడకుండానే తెలుస్తోంది. యాంటెన్నా అటు తిరిగితే ఆ చివరి కిటికీని చూస్తుంది. చూస్తే ఎవరుంటారక్కడ?

తెల్ల గుర్తు మీదే తాడు మళ్లీ బిగించేసింది. గోడ దగ్గరికెళ్లి స్విచ్చి నొక్కింది.

కింద లైటు వెలిగింది.

పది నిమిషాలకు మళ్లీ మూడు బెల్లులు. వినపడక అనుమానంతో అడుగుతున్నాడని అర్థమైంది. మళ్లీ నొక్కింది. ఇంకాసేపటికి మరో మూడు. మళ్లీ నొక్కింది. ఆ తర్వాత ఆయన అడగలేదు. అబద్ధమాడాలంటే నోరు కావాలనుకునేది ఆవిడ. ఒక్క వేలు చాలని ఆ రోజు తెలిసింది.

పొగగొట్టం వైపు దేశాల్లో అప్పటికి అంతా పడుకునే వేళ, ఆ వైపు నుంచి గట్టిగా పలికేవాళ్లే లేరు. మంచు దేశాలవాళ్లేమో బావి అడుగునుంచి మాట్లాడినట్టు సన్నగా వినిపిస్తున్నారు. ఆయన చెవులకు హెడ్‌ఫోన్లు అదుముకుని, కళ్లు మూసుకుని, పిలిచి పిలిచి, గంటన్నరలో ఎనిమిదంటే ఎనిమిది స్టేషన్లు పట్టుకున్నాడు. అందులో రెండు తప్పుగా విన్నాడు.

ఆరయింది. కింద కుర్చీ జరిపిన చప్పుడయింది. అప్పుడు లేచిందావిడ. కళ్లు గట్టిగా మూసుకుని, కడ్డీని చరచరా ఎర్ర గుర్తు మీదికి లాగి కట్టేసింది. పని చేయడానికి లేవని చేతులు, చేయలేదని దాచడానికి మాత్రం లేచాయి.

భోజనాల దగ్గర ఆయన అడిగాడు. "సాయంత్రం తిప్పావు కదా?"

"లైటు వేశాను కదండీ."

"అవును, వెలిగింది" అన్నాడు. తప్పంతా అడగడంలోనే ఉన్నట్టు. మర్నాడు పొద్దున్న డాబా ఎక్కి చూశాడు కూడా. కడ్డీ ఎర్ర గుర్తు మీద సూదిలా నిలబడి ఉంది.

రెండు వారాల తర్వాత ఊళ్లో రేడియో క్లబ్బువాళ్లు కూడారు. క్లబ్బుకు సెక్రటరీ కళ్లద్దాల కొట్టాయన. పోటీ నాటి సంగతులు ఒక్కొక్కరూ చెప్పుకుంటుంటే ఆ సెక్రటరీ తొడ చరిచి, "అబ్బ, ఆ సాయంత్రం మంచు దేశాలు వానలా కురిశాయయ్యా! చెవిటివాడు కూర్చున్నా యాభై స్టేషన్లు పట్టేవాడు" అన్నాడట. పాపం ఆ మనిషికేం తెలుసు. నవ్వించాలని అన్నాడు.

ఇంటికొచ్చి ఆయన చెప్పులు విప్పకుండానే కొట్టులో స్టూలు మీద కూర్చున్నాడు. ఆవిడ మంచినీళ్లు తెచ్చింది.

"లైటు వెలిగింది. యాంటెన్నా సరిగ్గానే ఉంది. వానలా కురిసిందట. అందరికీ వినపడింది, నాకు వినపడలేదు." గ్లాసు చేత్తో తిప్పుతూ అన్నాడు. "నా చెవులు పోయాయి. నాకు తెలీకుండానే పోయాయి."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆవిడ చేయి తనంతట తానే కొంగు సర్దుకుంది. అప్పుడు చెప్పాల్సింది. "అదేం కాదులెండి" అని మాత్రం అంది.

చెవి డాక్టరు పరీక్ష చేసి, "వయసుకు తగ్గట్టే ఉన్నాయండీ, కంగారేం లేదు" అన్నాడు. పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం ఈయన. "చూశావా, తగ్గాయనే అన్నాడు" అని తేల్చేశాడు.

అక్కడితో ఆగితే రేడియో మూలనపడేది, అంతే. ఆగలేదు. మోటారు బాగు చేసేవాడికి చెవే సగం అన్నం పెడుతుంది. తిరిగే మోటారు మీద స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, లోపల బేరింగు ఏమంటోందో వింటాడు. గరగరలాడితే ఒక జబ్బు, ఈలేస్తే ఇంకో జబ్బు. ఆయన విని చెప్పాడంటే విప్పి చూడాల్సిన పని లేదని పేరు. ఇప్పుడు స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకోవడం, మొహం చిట్లించుకోవడం, తీసి ఇంకోసారి పెట్టుకోవడం. చివరికి, "నాకు తెలీట్లేదు బాబూ, బస్టాండు దగ్గర కొట్టువాడికి చూపించుకో" అని పంపించేయడం. ఇరవై ఏళ్లుగా ఆయన దగ్గరికే వస్తున్న పాలకేంద్రం తాత తన పంపు మోటారును మళ్లీ భుజానికెత్తుకుని, "ఇదేంటయ్యా, వైద్యుడే చేయి చూడనంటే ఎట్లా?" అని గొణుక్కుంటూ పోయాడు.

చెవిటివాణ్ణని నమ్మాక మనిషికి నిజంగానే వినపడ్డం మానేసింది. ఏం చెప్పినా, "ఆఁ? గట్టిగా చెప్పు" అనేవాడు. కొట్టుకు వచ్చినవాళ్లు అరవడం మొదలెట్టారు. పక్కింటామె గోడ మీదినుంచి, "కాస్త గట్టిగా మాట్లాడు అక్కా, పాపం ఆయనతో" అని సలహా చెప్పింది. ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ కూడా గుమ్మంలోంచి, "భోజనానికి రండీ!" అని గొంతు చించుకుంది. ఆయన తలవంచుకుని వచ్చి పీట మీద కూర్చున్నాడు. ఆ అరుపు ఆవిడ సొంత చెవుల్లో గింగిరాలు తిరిగింది. ఈయన చెవులు బాగున్నాయని తెలిసిన ఒకే ఒక్క మనిషిని నేను, నేనే అరిచాను. మొదటిసారి అరిచాక రెండోసారి మానడమెలా? రోజూ అరిచింది.

తేలు కుట్టిన దొంగకు ఒకటే బాధ, అరవలేడు. ఆవిడకు రెండు. ఒకటి అరవలేని బాధ, రెండోది అరవాల్సిన బాధ.

చెబుదామని ఎన్నిసార్లు పోలేదు. స్నానానికి నీళ్లు తోడుతూ ఒకసారి. బిల్లు కట్టడానికి కలిసి నడుస్తూ ఒకసారి. గొంతు దాకా వచ్చేది. వెంటనే ఇంకో ఆలోచన వచ్చేది. మొన్న చెప్పివుంటే ఒక తప్పు. ఇవాళ చెబితే ఇన్ని రోజులు చెప్పకపోవడం కూడా అందులో కలుస్తుంది. రేపటికి ఇంకొకటి. ఇట్లా పెరిగే తప్పును ఏ రోజు కోస్తే తక్కువ నొప్పి? నాలుగు నెలలు గడిచాయి.

ఒక శనివారం ఆయన రేడియో మీద దుమ్ము తుడుస్తూ అన్నాడు, తన మాట తనకే వినపడనట్టు గట్టిగా. "రేపు కళ్లద్దాలాయన్ను రమ్మన్నాను. సెట్టు క్లబ్బుకిచ్చేస్తున్నా. నేర్చుకునే పిల్లలెవరైనా వాడుకుంటారు. యాంటెన్నా వచ్చే వారం దింపుకుంటారు."

"ఎందుకండీ ఇవ్వడం? ఉండనివ్వండి."

"ఆఁ?"

"ఉండనివ్వండీ అంటున్నా!"

"ఉండి ఏం చేస్తుంది? కళ్లు లేనివాడింట్లో అద్దంలా."

ఆ రాత్రి ఆవిడకు నిద్ర పట్టలేదని వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్నే కళ్లద్దాలాయన రెండు అట్టపెట్టెలతో దిగాడు. "కళ్లకైతే నేనున్నానయ్యా, చెవులకే ఎవరూ లేకపోయారు" అంటూ నవ్వబోయి, నవ్వెవరికీ అంటకపోవడంతో మానేశాడు. ఆయన బల్ల వెనక్కి వంగి, వీపు ఇటు పెట్టి, ఒక్కో తీగా ఊడదీస్తున్నాడు. ముందుగదిలో రిపేరైన ఫ్యాను ఒకటి పరీక్షకని తిప్పి వదిలేశాడు, అది బరబరమంటోంది. ఆవిడ టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడింది. బల్ల మీద చిన్న లైటు తీగ ఆయన చేతికి దొరికింది. స్క్రూ తిప్పుతున్నాడు. ఇంకో రెండు చుట్లు తిరిగితే ఊడిపోతుంది. ఊడితే ఆ మాట ఇక ఎప్పటికీ చెప్పక్కర్లేదు. ఆ సుఖం ఎంత దగ్గరికి వచ్చిందో చూసి ఆవిడకు భయం పుట్టింది.

"ఆ రోజు నేను తిప్పలేదు."

అరవలేదు. నాలుగు నెలల కిందట ఆ ఇంట్లో ఎట్లా మాట్లాడుకునేవాళ్లో అట్లా, పళ్లెంకేసి చూస్తూ, సన్నగా అంది.

"ఏంటమ్మా? చక్కెర వేయలేదా?" అన్నాడు కళ్లద్దాలాయన, చెవి ముందుకు పెట్టి.

బల్ల వెనక స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

"ఏ రోజు?" అన్నాడు ఆయన, వెనక్కి తిరక్కుండా.

"పోటీ రోజు. సాయంత్రం."

"లైటు వెలిగిందిగా."

"వెలిగించాను. తిప్పలేదు."

ఫ్యాను బరబరా తిరుగుతూనే ఉంది. ఆ రొదలో, ఆరడుగుల దూరంలో, వీపు వెనకనుంచి వచ్చిన మాట ఒక్క అక్షరం పోకుండా ఆయనకు వినపడింది. అది ముందు ఆయనకు అర్థమైంది, తర్వాత ఆవిడకు. కళ్లద్దాలాయన ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. చేతిలోని అట్టపెట్టె కింద పెట్టేశాడు.

"నేను మళ్లీ వస్తాలే. పెట్టెలు ఉంచమంటావా?"

"తీసుకెళ్లండి" అన్నాడాయన.

సెక్రటరీ పోయాక ఆయన డాబా ఎక్కాడు. ఇరవై రెండు మెట్లు. వెనకే ఆవిడ. స్తంభం దగ్గర నిలబడి దిమ్మెకేసి చూశాడు.

"ఎక్కడ వదిలేశావు?"

ఆవిడ తెల్ల గుర్తు చూపించింది.

"మర్నాడు నేనొచ్చి చూస్తే ఎర్ర గుర్తు మీద ఉందే."

"ఆరు దాటాక తిప్పాను."

అప్పుడు మారింది ఆయన మొహం. అప్పటిదాకా అయోమయంగా ఉన్నది ఎర్రబడింది. "అంటే చేతులు పనిచేశాయి."

"చేశాయి."

"నాలుగు నెలలు. తాత మోటారు తిప్పి పంపించేశాను. వాళ్లూ వీళ్లూ నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచారు. నువ్వూ అరిచావు. నీకు తెలుసు, అయినా అరిచావు."

"అరిచాను."

"అవునవునని ఒప్పుకుంటావేంటి? ఎందుకని అడుగుతున్నా!"

ఆవిడ, నోరు విప్పితే ఏడుపొస్తుంది, ఏడిస్తే అది కూడా ఒక సాకు పెట్టినట్టవుతుందని పళ్లు బిగబట్టింది. అప్పుడు గమనించాడాయన, ఆవిడ ఎటు వీపు పెట్టి నిలబడిందో. ఆ భుజం మీదినుంచి దూరంగా ఆసుపత్రి మేడ కనిపించింది. మూడో అంతస్తు కనిపించింది. ఆయన మెల్లగా వెళ్లి ట్యాంకు గట్టు మీద కూలబడ్డాడు.

అక్కణ్ణుంచే అన్నాడు. "మూడు బెల్లులు కొట్టేటప్పుడు నేనది ఆలోచించలేదు. మంచు దేశాలనే అనుకున్నా. పొద్దున్నుంచీ పక్కనున్న కుర్చీకేసి చూడకుండా ఉండటానికే కీ కొడుతూ కూర్చున్నా. ఇంక దేన్ని గురించీ ఆలోచించలేదు."

ఆవిడ కళ్లు తుడుచుకుంది.

"అట్లాగని నీది తప్పు కాదనను" అన్నాడు. "ఆ రోజే చెప్పుంటే కోప్పడేవాణ్ణి. ఒక్క పూట. పైకొచ్చి నేనే తిప్పుకునేవాణ్ణి. ఇప్పుడేం చేయాలో తెలీట్లేదు నాకు." లేచి కిందికి పోయాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ అరవలేదు. మాట్లాడనూ లేదు. ఆయన మర్నాడే పాలకేంద్రం దాకా నడిచి వెళ్లి, తాత పంపు మీద స్క్రూడ్రైవర్ ఆనించి విని, "వెనక బేరింగు" అని చెప్పి వచ్చాడు. ఆ సంగతి ఆవిడకు తాత చెబితే తెలిసింది. "చెవులు తిరిగొచ్చాయమ్మా ఆయనకి! ఏ మందు వాడారు?" అని అడిగాడు తాత.

పన్నెండో రోజున ఆయన కొట్టులో చిన్న మోటారుకు తీగ చుడుతూ కనిపించాడు. ఆవిడ గుమ్మంలో ఆగింది.

"ఎవరిదండీ అది?"

"మనదే. యాంటెన్నాకి." తలెత్తకుండా అన్నాడు. "నీకిక ఆ పనుండదు. కిందినుంచే స్విచ్చి నొక్కుతా, అదే తిరుగుతుంది."

అందులో జాలి ఎంతో, నమ్మకం పోవడం ఎంతో ఆవిడకు తేలలేదు. ఆయనక్కూడా తేలివుండదు. ఏనాడో నిమిషం అడిగిన మోటారు ఇప్పుడొస్తోంది. నిజంగానే కాలిందావిడ. ఆ పిల్ల చెప్పినట్టే.

"వద్దండీ" అంది.

"అటు చూడగలవా నువ్వు?"

"చూడలేని రోజు కిందికొచ్చి చూడలేనని చెప్తా. ఆ లైటు మాత్రం తీసేయండి. తిప్పానా లేదా అన్నది మీ ఎదుటికొచ్చి నోటితోనే చెప్తా."

"ప్రతిసారీనా? ఇరవై రెండు మెట్లు."

"ప్రతిసారీ."

ఆయన తీగ చుట్టడం ఆపలేదు. చుట్టి, వార్నిష్ పూసి, ఆరాక తిప్పి చూసి, గుడ్డలో చుట్టి అటక మీద పెట్టాడు. ఆ సాయంత్రమే బల్ల మీద లైటు ఊడదీశాడు. తర్వాత కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. డాబా మీద బెల్లు మోగింది. ఒకటి. రెండు. మూడు.

ఆవిడ తాడు విప్పి కడ్డీ పట్టుకుంది. అడుగు తర్వాత అడుగు తిరిగింది. మేడ ఎదురొచ్చింది. కళ్లు మూసుకోలేదు. మూడో అంతస్తు చివరి కిటికీలో ఎవరిదో తువాలు ఆరేసి ఉంది, నీలం రంగుది. ఎవరో లోపలినుంచి దాన్ని తీసుకుని కిటికీ తలుపు దగ్గరగా వేశారు. గదిలో లైటు వెలిగింది. ఎర్ర గుర్తు మీద తాడు బిగించి, ఆవిడ మెట్లు దిగింది.

"తిప్పాను" అంది, గుమ్మంలో నిలబడి, సన్నగా.

ఆయన అప్పటికే రాసుకుంటున్నాడు. సాయంత్రం మంచు దేశాలు బాగానే పలుకుతున్నట్టున్నాయి. అయినా పెన్సిలు ఆపి, ఒక చెవి మీదినుంచి హెడ్‌ఫోను తొలగించి, ఆవిడ మొహంలోకి చూశాడు. ఇదివరకు ఎప్పుడూ అట్లా చూసేవాడు కాదు. అర క్షణమే. ఆ తర్వాత తలాడించి మళ్లీ రాతలో పడ్డాడు.

ఆ అర క్షణం ఇప్పటికీ ఉంది. బెల్లు మోగిన ప్రతిసారీ ఆవిడ పైకి వెళ్తుంది, తిప్పుతుంది, దిగి వచ్చి చెబుతుంది, ఆ చూపు కోసం ఆగుతుంది. మోకాళ్లు నొప్పులంటే పక్కింటామె, "ఆయన అంత పెద్ద మెకానిక్కు, ఒక మోటారు పెట్టించుకోవచ్చు కదా అక్కా" అంటుంది.

"ఉందమ్మా, అటక మీద" అని, ఆవిడ మళ్లీ మెట్లెక్కుతుంది.